రెప్పలున్న బల్లి

జూన్ 4

చెల్లాయికి,

ఇక్కడ నేను బాగున్నాను. నువ్వు కుట్టి పంపిన చొక్కాలు రెండూ అందాయి. మెడ దగ్గర కాస్త బిగుతుగా ఉన్నాయి. మిల్లులో పై గుండీ పెట్టుకోను కాబట్టి ఇబ్బంది లేదు. జేబు మాత్రం సరిగ్గా కలం పట్టేంత పెట్టావు, అది మర్చిపోలేదు నువ్వు.

మిల్లులో కొత్త రంపం బిగించారు. పాతదానికంటే పని తొందరగా అవుతోంది. మోత కూడా ఎక్కువే అంటున్నారు. నా పని మారలేదు. పొద్దున దిగిన దుంగలు రాసుకోవడం, సాయంత్రం వెళ్లిన పలకలు రాసుకోవడం.

అమ్మాయి పోయిన ఆదివారం వచ్చి, ఇల్లు ఖాళీ చేసి తనతో వచ్చెయ్యమని మళ్లీ అడిగింది. రానన్నాను. నాకు ఈ ఇల్లు చాలు. అయితే సాయంత్రం తాళం తీసి లోపలికి వస్తే, నేను వచ్చానని తెలిసి కదిలే ప్రాణం ఒక్కటి లేదు. దానికి విరుగుడు ఆలోచించాను. ఒకదాన్ని తెచ్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

బస్టాండు వెనక వీధిలో ఒక దుకాణం ఉంది. మొదటిసారి కదా, నాకేమీ తెలియదని దుకాణదారు ఏదో ఒకటి అంటగట్టాలని చూశాడు. చూపించినవి నాకు నచ్చలేదు. ఒకటి ఇప్పుడు చిన్నదే, రెండు మూడేళ్లలో మరీ పెద్దదైపోతుంది. ఒకటి ముట్టుకుంటే చాలు, తిండి మానేస్తుంది. ఇంకొకటి నేను పోయాక కూడా యాభై ఏళ్లు ఉంటుంది. నేను ఎంచుకున్నది అలా కాదు. నెమ్మదైనది, నోరు లేనిది. ఒళ్లంతా మచ్చలే, అయినా చూడముచ్చటగా ఉంటుంది. పగలంతా పడుకుని సాయంత్రం లేస్తుంది. నేను దగ్గరికి వెళ్లేసరికి తల తిప్పి, నెమ్మదిగా రెప్ప వేసి చూసింది. అక్కడే నా మనసు కుదిరింది. దానికి వెచ్చగా ఉండాలి కాబట్టి మీ వదిన గది సర్దుతున్నాను.

పేరు ఇప్పుడు రాయను. రాస్తే నువ్వు గోల చేస్తావు.

ఫోన్ చేయకు, ఉత్తరమే రాయి. ఫోన్లో నాకు సరిగ్గా తెలియదు.

నీ అన్న


జూన్ 10

అన్నయ్యా,

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. షాపులో ఇద్దరు నర్సులు యూనిఫారాలకి కొలతలివ్వడానికి నిలబడి ఉన్నారు. వాళ్ల ముందే చదివాను, నా కర్మ. చదివాక టేపు ఎక్కడ పెట్టానో తెలియలేదు. ఒకావిడ చెయ్యి పొడవు ఇంకొకావిడ పేరు కింద రాసేశాను. ఇప్పుడు వాళ్లలో ఒకావిడ యూనిఫారం చేతులు వేళ్ల దాకా వేలాడుతుంటాయి. ఆ పాపం నీది.

వదిన పోయి రెండేళ్లు నిండలేదు. నువ్వు మళ్లీ పెళ్లి చేసుకుంటానంటే నేను అడ్డం పడేదాన్ని కాదు. నిజంగా చెప్తున్నాను, అమ్మాయిని కూడా నేనే కూర్చోబెట్టి ఒప్పించేదాన్ని. నీ ఈడు మనిషిని, ఒక మర్యాదస్తురాలిని నలుగురికీ చెప్పి తెచ్చుకో. కానీ దుకాణమేమిటి అన్నయ్యా? వరసగా నిలబెట్టి చూపించడమేమిటి, నువ్వు నచ్చింది నచ్చలేదు అనడమేమిటి? నువ్వు పోయాక ఇంకా యాభై ఏళ్లుండేదంటే ఎంత పసిదాన్ని చూపించాడు ఆ దౌర్భాగ్యుడు? చూసి ఊరుకున్నావా? పోలీసుల దగ్గరికి వెళ్లాలని తోచలేదా నీకు?

పగలంతా పడుకుని సాయంత్రం లేచే మనిషి ఎలాంటిదో చెప్పడానికి చదువు అక్కర్లేదు. అలాంటిదాన్ని వదిన గదిలో పెడతానని నాకే రాస్తావు. పైగా వెచ్చగా ఉండాలట. మీ బావ ఆ ముక్క రెండుసార్లు చదివి నవ్వారు. రెండు రోజులు ఆయనకి టీ పెట్టలేదు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండింది ఎక్కడో తెలుసా? ఉత్తరం మొదటినుంచి చివరిదాకా అది, దాన్ని, దానికి. ఆమె ఎవరైనా కానీ, ఎక్కడినుంచైనా రానీ, మనిషి కదా. 'ఆమె' అని రాయడానికి నీ కలంలో సిరా అయిపోయిందా? నోరు లేనిదని మెచ్చుకుంటావా? నోరు లేని ఆడవాళ్లు కావాలా మీకు?

అమ్మాయికి చెప్పాను. చెప్పక ఏం చేయను? వదిన తమ్ముడికి కూడా చెప్పాను. లారీ దిగగానే అమ్మాయిని వెంటబెట్టుకుని వస్తానన్నాడు. నేను ఫోన్ చేయను. చేస్తే నువ్వు 'ఊ' అంటావు. ఆ ఊ వినే ఓపిక నాకు లేదు.

ఇప్పటికింకా నీ చెల్లెలినే


జూన్ 17

చెల్లీ,

నీ ఉత్తరం మంగళవారం అందింది. వాళ్లు ఆదివారమే వచ్చి వెళ్లారు. ఉత్తరం ముందు వచ్చి వాళ్లు తర్వాత వచ్చి ఉంటే నాకు తలుపు గడియ మిగిలేది.

మొదట ఒక మాట. అది బల్లి.

మనిషి కాదు. బల్లి. పసుపు ఒంటిమీద నల్ల మచ్చలతో జానెడు పొడవుంటుంది. గోడలెక్కే రకం కాదు, నేలమీద నడిచేది. గోడబల్లికి కంటిమీద రెప్పలుండవు. దీనికి ఉంటాయి. అందుకే రెప్ప వేసి చూసిందని రాశాను. పేరు రాస్తే గోల చేస్తావని రాయలేదు. రాయనందుకు ఎంత గోల అయిందో చెప్తాను.

ఆదివారం పగలు దాని గాజుపెట్టె శుభ్రం చేస్తున్నాను. దుకాణదారు అడుగున ఇసుక పోసి ఇచ్చాడు. ఇసుక మింగితే దాని పేగు మూసుకుపోతుందని గ్రంథాలయంలో చదివాను. ఆ మాట అతనితో అంటే, ఎడారి జంతువుకి ఇసుక కాక తివాచీ పరుస్తారా అని నవ్వాడు. ఆ ఇసుకంతా ఎత్తిపోసి పాత పేపర్లు పరుస్తున్నాను. దాన్ని ఒక అట్టపెట్టెలో వేసి లోపలి గదిలో దాని వేడి కోసం పెట్టిన కరెంటు దీపం దగ్గర ఉంచాను. ఇంతలో నా పక్కనే తలుపు ఊడి వచ్చింది.

మా బావమరిది గడియతో సహా లోపలికి వచ్చాడు. వెనక అమ్మాయి. చాలాసేపు తట్టారట, పిలిచారట. ముఖం ఎర్రగా పెట్టుకుని "ఎక్కడుంది అది" అన్నాడు. నువ్వు చెప్పి ఉంటావు, చూడ్డానికి వచ్చాడనుకుని సంతోషించాను.

"లోపల పడుకుంది" అన్నాను.

"పట్టపగలా?"

"పగలే పడుకుంటుంది. దాని అలవాటు అంత."

"సిగ్గు లేదా బావా? మా అక్క గదిలోనా?"

"ఆ గదే కదా వెచ్చగా ఉండేది."

అమ్మాయి గోడకి ఆనుకుని ఏడుపు మొదలుపెట్టింది. ఇందులో ఏడవడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. భయమేమోనని, "నీకేం ఇబ్బంది ఉండదమ్మా, నువ్వొచ్చినప్పుడు మూత పెట్టేస్తాను" అన్నాను. దాంతో ఇంకా ఏడ్చింది.

బావమరిది లోపలికి వెళ్లి బీరువా తెరిచాడు. మంచం కింద వంగి చూశాడు. దుప్పటి లాగి పారేశాడు. వెనక్కి తిరగబోతుంటే అట్టపెట్టె కాలికి తగిలి పక్కకి ఒరిగింది. బల్లి బయటికి వచ్చి అతని పాదం పక్కనుంచి పరిగెత్తింది. అతను కాలు వేశాడు. తోక చెప్పు కింద ఉండిపోయింది, తక్కినది మంచం కిందికి పోయింది. తెగిన తోక కూడా ఊరుకోలేదు, నేలమీద కొట్టుకుంటూనే ఉంది. అంత పెద్ద లారీ నడిపే మనిషి చెప్పులతో పరుపు ఎక్కి నిలబడ్డాడు.

అమ్మాయి ఏడుపు ఆపి, "నాన్నా, బల్లా?" అంది. మరేమనుకున్నావన్నాను. మీరందరూ కలిసి ఏమనుకున్నారో అప్పుడు చెప్పింది.

నాకు తల కొట్టేసినట్టయింది. గడియ గురించి కాదు, పరుపు గురించి కాదు. నేనెలాంటివాణ్నో నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అమ్మాయి పుట్టినప్పటినుంచి నీకు రాసిన ఉత్తరాలు తీసి చూడు. దానికి జ్వరం తగ్గింది, అది బడికి వెళ్తోంది, దానికి పెళ్లి కుదిరింది. అన్నిట్లోనూ అదీ దానికే. ఒక్కసారి కూడా నీకు తప్పు కనపడలేదు. ఇప్పుడు నా కలంలో సిరా గురించి అడుగుతున్నావు.

ఇంకొకటి కూడా ఉంది. నేను చెప్పకపోయినా అమ్మాయి చెప్తుంది కాబట్టి రాస్తున్నాను. టార్చి వేసి మంచం కింద వెతుకుతుంటే వెనక నిలబడి నాలుగైదుసార్లు పిలిచిందట. నేను తిరగలేదట. భుజంమీద చెయ్యి పడితే ఉలిక్కిపడ్డాను. ఎప్పటినుంచి నాన్నా అని అడిగింది. పెదాలు చూసి తెలుసుకున్నాను. కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమది ఈ ఏడాది పోతోంది. రంపాల దగ్గర పనిచేసేవాళ్లకి మామూలే.

బల్లి మర్నాటికి బయటికి వచ్చింది. తిండి తినడం లేదు.

అన్న


జూన్ 23

అన్నయ్యా,

బల్లి అన్న మాట చదివి మిషను ముందు కూర్చుని నవ్వాను. తర్వాత ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. మొదటి రెండూ పోయాయి, కోపం మిగిలింది, అదే రాస్తున్నాను.

నిన్ను అలా అనుకోవడం నా తప్పే. ఒప్పుకున్నాను. కానీ ఆ ఉత్తరం ఇంకెవరికైనా చూపించు, వాళ్లేమనుకుంటారో చూద్దాం. ఒక్కసారి, ఒక్క చోట బల్లి అని రాసి ఉంటే నీ సొమ్మేం పోయేది? మాటలు దాచుకుని ఏం చేస్తావు, చక్రవడ్డీ వస్తుందా?

ఇంతకీ బల్లేమిటి? మొదటిసారి పెంచుకునేవాడివి, ఒక కుక్కపిల్ల, ఒక చిలక, నీళ్లలో నాలుగు చేపలు, ఏమీ దొరకలేదా? ఎవరైనా బల్లితో మొదలుపెడతారా? మా వంటింట్లో ఒకటి కనపడితే మీ బావ ఇంటికి వచ్చేదాకా నేను బయట మెట్లమీద కూర్చుంటాను. ఊరికే దొరికేదాన్ని కొనుక్కున్నాడా మీ అన్నయ్య అని ఆయన రోజుకోసారి అడుగుతున్నారు. తోక తెగిందని చదివితే నాకు అయ్యో అనిపించలేదు. అనిపించిందని అబద్ధం రాయను.

చెవుల సంగతి చదివాకే నా కడుపు రగిలిపోయింది. మరి ఇన్నాళ్లూ ఫోన్లో ఊ, ఊ అన్నావే, ఆ ఊలన్నీ దేనికి? కోడలితో గొడవైన సంగతి గంటసేపు చెప్పుకున్నాను. ఊ అన్నావు. నడుముకి ఆపరేషను చేయాలంటున్నారని చెప్పాను. అదంతా విని, "సరే, చాలా సంతోషం" అని పెట్టేశావు. నా నడుము కోస్తుంటే అన్నయ్యకి సంతోషమేమిటని ఎంత బాధపడ్డానో నీకేం తెలుసు? ముక్తసరి మనిషి, మాట్లాడ్డానికి బద్ధకం అని ఊరందరికీ నిన్ను వెనకేసుకొచ్చాను. బద్ధకం కాదన్నమాట, మోసం.

అమ్మాయి ఫోన్ చేసింది. వెనక గది ఖాళీ చేసిందట. తలుపు విరగ్గొడితే గానీ మనుషులొచ్చారని తెలియని మనిషిని ఒంటరిగా వదలనంటోంది. అల్లుడికి పాకేవంటే భయం కాబట్టి బల్లిని దుకాణంలో తిరిగి ఇచ్చేస్తుందట. నెలాఖరుకి వచ్చి సామాన్లు కడుతుంది. నేను సరేనన్నాను. ఈ ఒక్కసారికి నువ్వు మారుమాట్లాడకు. ఎలాగూ మాట్లాడవు.

నీ చెల్లెలు


జూన్ 30

చెల్లీ,

అమ్మాయి ఈరోజు తాళ్లు, గోనెసంచులు తీసుకుని వచ్చింది. ఒక్క గిన్నె కూడా కట్టనివ్వలేదు. నేను బల్లిపెట్టెకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బల్లి కోసం నన్ను కాదంటున్నావు అని ఒక కాగితంమీద రాసి నా ఒళ్లో పడేసి వెళ్లిపోయింది. నాకు సంతోషంగా ఏమీ లేదు. నువ్వు సరేనన్నావని చెప్పింది. నా ఇల్లు ఖాళీ చేయడానికి సరేననడానికి నువ్వెవరు?

వేరే ఏమీ దొరకలేదా అని అడిగావు. దొరికాయి. కుక్క మొరిగితే ఎందుకు మొరిగిందో తెలియాలి. చిలకకి బదులు చెప్పకపోతే దిగులు పడుతుంది. నాకు వినపడనందువల్ల నష్టపోయే ప్రాణాన్ని తేకూడదనుకున్నాను. పాకేవాటికి నా చెవులతో పని లేదు. దీపం వేడి చూసి, తిండి చూసి, ఒళ్లు ఎలా ఉందో చూస్తే చాలు. చూడ్డం నాకు వచ్చు.

తర్వాత, వాటిలో ఏది అన్న ప్రశ్న. దుకాణదారు మొదట పచ్చ తాబేలు పిల్లని అరచేతిలో పెట్టాడు. ఎప్పటికీ ఇంతే ఉంటుందన్నాడు. అబద్ధం. పళ్లెమంత అవుతుంది, తొట్టెడు నీళ్లు కావాలి. నేల తాబేలు నా తర్వాత ఎవరి గుమ్మం ముందో పడుతుంది. పెద్ద పచ్చ తొండ ఒకటి ఉంది, పెరిగితే నా మంచం సరిపోదు దానికి. కొండచిలువ పిల్ల నిజంగా నెమ్మదైనదే, కానీ ఎలుకలు పెట్టాలి, నావల్ల కాదు. ఊసరవెల్లిని తీసుకోమని మాత్రం అతను చాలా పట్టుబట్టాడు. రంగులు మారుస్తుంది, వచ్చినవాళ్లు మెచ్చుకుంటారన్నాడు. దానికి తడి, గాలి, ఆకులు అన్నీ సరిగ్గా అమరాలి. చేతిలోకి తీసుకుంటేనే బెదిరిపోతుంది. చెయ్యి తిరిగినవాళ్లకే కష్టం, కొత్తవాడి దగ్గర ఎన్నాళ్లు బతుకుతుంది? ఆ సంగతి అతనికి తెలుసు. అడిగితే, పోతే ఇంకొకటి తీసుకుందురు గాని అన్నాడు.

మిల్లుకి తలుపు చెక్క కోసం వచ్చినవాడితో ఇది ఇంకా పచ్చిది, ఆరలేదు, వద్దు అని నేనే చెప్తాను. చెప్పకపోతే అతని తలుపు వంకరపోతుంది, అంతే. ఇక్కడ పోయేది ప్రాణం. తెలియక వచ్చినవాడని చూసి, వాడి చేతిలో బతకనిదాన్నే వెతికి పెట్టేవాణ్ని ఏమనాలో నాకు మాట దొరకలేదు. అందుకే ఒక గంట చదివి తెలుసుకోవలసింది వారాల తరబడి చదివాను. ఈ బల్లి కొత్తవాడి తప్పులు కొన్ని ఓర్చుకుంటుంది. వెచ్చటి మూల ఒకటి, చల్లటి మూల ఒకటి, చర్మం వదిలేటప్పుడు దూరడానికి తడిగా ఒక గూడు ఉంటే చాలు. బెదిరితే తోక వదిలేస్తుందని కూడా చదివాను. మా బావమరిది వస్తాడని పుస్తకంలో లేదు.

దీని తిండికి కీచురాళ్లు తెచ్చి డబ్బాలో ఉంచాను. కింద ఇంటి టీచరమ్మ వచ్చి, వారంగా నిద్ర లేదు, పైన ఏమిటా అరుపు అని అడిగింది. అవి అరుస్తున్నాయని నాకు తెలియదు. ఇప్పుడు పిండిపురుగులు పెడుతున్నాను. అవి అరవవట. టీచరమ్మే చెప్పింది.

ఇక అమ్మాయి ఇల్లు. అక్కడ నాకు ఏ లోటూ జరగదు. భోజనాల దగ్గర అందరూ ఒకేసారి మాట్లాడతారు. పోయినసారి వెళ్లినప్పుడు అందరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఏమైందని అమ్మాయిని అడిగాను. "ఏం లేదులే నాన్నా" అంది. ఇంకోసారి అల్లుడు ఫోన్ పెట్టేసి ముఖం వేలాడేసుకున్నాడు. ఏమైందన్నాను. ఏం లేదులే అన్నాడు. చెడ్డ మనసుతో కాదు, మళ్లీ మొదటినుంచి చెప్పాలంటే విసుగు. నేనైనా అంతే చేస్తానేమో. కానీ ఆ ఏం లేదులే వెనక అన్నీ ఉంటాయి చెల్లీ. వాళ్లంతా లోపల ఉంటారు, నేనొక్కణ్నే గుమ్మంలో. ఆ ఇంట్లో వెనక గదిలో కూర్చుని బతికినన్నాళ్లూ ఆ మాట వినలేను. విచిత్రం, అన్ని మాటల్లో అదొక్కటే నాకు బాగా తెలుస్తుంది, పెదాలు చూడగానే.

ఈ బల్లి ఇంతవరకు నాతో ఏం లేదులే అనలేదు.

నిన్న రెండు పురుగులు తింది.

అన్న


జూలై 8

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి నాకు వచ్చిన కోపానికి ఈసారి నువ్వు చాలలేదు, నీ కూతురు మీద పడ్డాను.

ఫోన్ చేసి, మీ నాన్నతో ఎన్నిసార్లు ఏం లేదులే అన్నావో చెప్పు అన్నాను. నేనెందుకంటాను అత్తా అంది. గుర్తు చేసుకో అన్నాను. తర్వాత తను చెప్పింది నేను వినలేదు, నేను చెప్పింది తను వినలేదు. నువ్వు ఇటు మంట పెట్టావు, ఇప్పుడు అటు తిప్పుతున్నావంది. అదీ నిజమే. అయినా ఊరుకోలేదు. "ఆయన నీకు నాన్న అయింది తర్వాత, నాకు అన్నయ్య అయింది ముందు. ఆయన ఎక్కడుండాలో ఆయన్నే చెప్పనీ" అన్నాను. సామాన్లు కట్టడానికి సరేనన్న నోటితోనే అన్నాను. సిగ్గుగానే ఉంది.

ఏదైనా చెప్తే వినపడదు, చెప్పకపోతే తప్పు, నన్నేం చేయమంటావు అని ఏడ్చింది. రాయి అన్నాను. పది వీధుల అవతల ఉన్న మనిషికి ఉత్తరమా, ఎవరైనా చూస్తే నవ్వుతారు అంది. నవ్వనీ అన్నాను. పెట్టేసింది. నా మీద కోపంతో పెట్టేసిందో, నా నడుము గురించి అడగడం మర్చిపోయి పెట్టేసిందో తెలియదు. నువ్వూ అడగలేదు. ఆపరేషను అక్కర్లేదన్నారు. చాలా సంతోషం అని ఇప్పుడు రాయొచ్చు.

వదిన తమ్ముడికి కూడా చెప్పాల్సింది చెప్పాను. చెప్పు కింద ప్రాణం ఉందో లేదో చూసుకోని మనిషి లారీ ఎలా నడుపుతున్నాడని అడిగాను. ఇరవై టన్నులు నడుపుతాను వదినా గాని ఆ తోక ఇంకా కలలోకి వస్తోంది అన్నాడు. రానీ అన్నాను.

దీంతోపాటు ఒక చిన్న పార్సిలు వస్తుంది. యూనిఫారాల గుడ్డముక్కలు మిగిలితే, మధ్యలో దూది పెట్టి చిన్న బొంత కుట్టాను. వెచ్చగా ఉండాలన్నావు కదా. మీ బావ దాన్ని చూసి ఎవరి బిడ్డకి అన్నారు. చెప్పాను. ఆయన నాకు ఆ పూట టీ పెట్టి ఇచ్చారు, నాకేదో అయిందనుకుని. దానిమీద నాకు ప్రేమ పుట్టిందనుకోకు. ఇప్పటికీ ఎదురుపడితే మెట్లమీదే కూర్చుంటాను. కానీ తోక లేకుండా ఉన్నదానికి చలి వేస్తుందేమోనని అనిపించింది.

నీ చెల్లెలు


జూలై 19

చెల్లీ,

నీ నడుముకి కోత తప్పినందుకు చాలా సంతోషం. ఈసారి అంతా తెలిసే అంటున్నాను.

బొంత అందింది. చెప్తే కోప్పడతావు, చెప్పకపోతే మాటలు దాచుకున్నానంటావు, కాబట్టి చెప్తాను. బొంత మన ఒంటి వేడిని మనకే దాచిపెడుతుంది. బల్లికి సొంత వేడి లేదు. దాచడానికి ఏమీ ఉండదు. దానికి వేడి బయటినుంచి, దీపంనుంచి రావాలి. పైగా దారాలు గోళ్లకి చిక్కుకుంటాయి. అందుకని లోపల వెయ్యలేదు, గాజుపెట్టె కింద, బల్లమీద పరిచాను. కుట్టు మాత్రం చాలా బాగుంది. మూలల్లో కూడా ముడతలు లేవు.

తోక మొలుస్తోంది. పాతదానిలా సన్నగా పొడుగ్గా కాదు, ముల్లంగిలా పొట్టిగా, బొద్దుగా. మచ్చలు కూడా సరిగ్గా లేవు. దానికేమీ పట్టినట్టు లేదు. తిండి బాగా తింటోంది.

దుకాణానికి మళ్లీ వెళ్లాను. దీని తడి గూటికి నాచు కావలసి వచ్చింది. ఒకావిడ ఆ ఊసరవెల్లి పెట్టె చంకలో పెట్టుకుని వెళ్లబోతోంది. అడగకపోయినా ఆవిడకి తెలిసినంతా చెప్పాను. నాకు వినపడదు కాబట్టి దుకాణదారు ఎంత అరిచినా నా మాట మధ్యలో ఆగలేదు. ఆవిడ పెట్టె కిందపెట్టేసి వెళ్లిపోయింది. ఇక నేను ఆ దుకాణంలో కాలు పెట్టకూడదట, చేతులతో చెప్పాడు. నాచు ఇంకెక్కడైనా దొరుకుతుంది.

మిల్లు ఎలక్ట్రీషియన్ మా గుమ్మం బెల్లుకి దీపాలు తగిలించాడు. ఎవరు నొక్కినా రెండు గదులూ వెలుగుతాయి. మొదట నొక్కింది మా బావమరిది. కొత్త గడియ తెచ్చి బిగించాడు. లోపలి గదివైపు మాత్రం రాలేదు. గుమ్మంలోనే నిలబడి, ఎలా ఉంది అని చేత్తో తోక ఆకారం చూపించి అడిగాడు.

గురువారం అమ్మాయి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. పది వీధుల దూరానికి స్టాంపు అంటించి పంపింది. చాలా పెద్ద ఉత్తరం. నిండా తిట్లే. చెవుల సంగతి దాచినందుకు. వాళ్లమ్మ డాక్టరు దగ్గరికి వెళ్లమంటే మిల్లులో పని ఉందని తప్పించుకున్నందుకు. ఎండలో గోనెసంచులు మోసుకొచ్చిన మనిషిని ఒక్కమాట కూర్చోమనకుండా బల్లికి కాపలా కూర్చున్నందుకు. అమ్మ గది ఇచ్చేముందు తనని అడగనందుకు. ఇదొక్కటి న్యాయమే, నేను అడగవలసింది. ఇల్లు ఖాళీ చెయ్యమని మాత్రం ఎక్కడా లేదు. ఆదివారం వస్తుందట, పిండిపురుగులు ఎక్కడ కొనాలో రాయమంది.

ఆ తర్వాత, ఏం లేదులే అన్నవి ఏమేమిటో గుర్తున్నంతవరకు రాసింది. అల్లుడు ముఖం వేలాడేసుకున్నది వాళ్ల ఆఫీసులో సగంమందిని తీసేస్తున్నారని ఫోన్ వచ్చినందుకట. చివరికి ఇతన్ని తీయలేదట. నేను ఇన్నాళ్లూ అతనికి నా రాక ఇష్టం లేదనుకున్నాను. ఆ రోజు భోజనాల దగ్గర నవ్వింది కూడా అతని గురించే. పెద్ద మేనేజరు ముందు నిలబడి గంటసేపు గంభీరంగా మాట్లాడి వచ్చాడట, తీరా ఇంటికి వచ్చి చూసుకుంటే ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి అమ్మాయిది.

చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. మరీ గట్టిగా నవ్వి ఉంటాను. ఇంతలో గదిలో దీపాలు వెలిగాయి. తలుపు తీస్తే టీచరమ్మ. ఏమైందండీ, ఒక్కరే ఉన్నారు కదా అని కంగారుగా అడిగింది.

ఏం లేదులెండి అనబోయాను. ఆగి, కుర్చీ వేసి, ఉత్తరం మొదటినుంచి చదివి వినిపించాను.

అన్న